మే నెల మధ్యాహ్నానికి ఎంత పిచ్?

చిన్న విమానానికి ప్రొపెల్లర్ రెక్కలు ఎంత వాలుగా ఉండాలన్నది ఫ్యాక్టరీ తేల్చి పంపితే ఎవరికీ తగువు లేదు. రెక్కల కోణం మనమే బిగించుకోవాల్సిన విమానం కొంటే మాత్రం ఆ బాధ్యత మన నెత్తిన పడుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి చోట అది ఇంకా బరువైన బాధ్యత. సముద్రమట్టానికి నాలుగైదు వందల మీటర్ల ఎత్తు, ఎండాకాలం 44, 45 డిగ్రీల వేడి, ఎటు చూసినా రాతి గుట్టలు, కరెంటు తీగలు.

ఈ మాటలు నడిచింది ఒక మామకూ మేనల్లుడికీ మధ్య. మామది నల్లగొండ. విమానాల ఇంజన్లు విప్పి బిగించే పనిలోనే ఉద్యోగం మొత్తం గడిపి రిటైరయ్యాడు. అల్లుడిది పాలమూరు, అంటే మహబూబ్‌నగర్. కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉంది, కొన్నాళ్లు సెస్నా 152 మీద పిల్లలకు ఎగరడం నేర్పాడు. ఇప్పుడు స్నేహితులతో కలిసి రెండు సీట్ల తేలికపాటి విమానం కొనబోతున్నాడు. రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజన్, మూడు రెక్కల ప్రొపెల్లర్. ఆ రెక్కల కోణాన్ని విమానం నేల మీద ఉన్నప్పుడు మార్చుకోవచ్చు, గాల్లో మార్చడానికి వీల్లేదు. కోణం ఎంత పెట్టాలన్న దగ్గర ఇద్దరికీ పొసగలేదు.

అల్లుడు: మామా, నేను లెక్క వేసుకునే వచ్చిన. మేం ఈ విమానాన్ని దూరం పోవడానికి కొంటున్నం. పాలమూరు నుంచి నల్లగొండ, అక్కడ్నుంచి సాగర్, ఇంకోరోజు కర్నూలు దిక్కు. అందుకే కోర్స్ పిచ్ పెట్టిద్దామనుకుంటున్నం. ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతది, ఇంజన్ తక్కువ తిరుగుతది, పెట్రోలు ఆదా, చెవులకూ సుఖం. టేకాఫ్‌కు రన్‌వే కొంచెం ఎక్కువ తింటది, తిననీ.

మామ: ఎంత ఎక్కువ తింటదో కూడ లెక్క వేసినవా?

అల్లుడు: నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్‌ల సెస్నా 152లే లేస్తున్నయ్ కద. మాది అంతకంటె తేలికది.

మామ: అయితే ఆ 152 తోనే మొదలుపెడదాం. నీకూ నాకూ తెలిసిన విమానం. దాని మెకాలీ ప్రాప్‌కు వ్యాసం 69 అంగుళాలు, పిచ్ 58. పిచ్ అంటే ఏందో నీ పిల్లలకు ఎట్ల చెప్పేటోనివి?

అల్లుడు: ప్రాప్ ఒక్క చుట్టు తిరిగితే, గాలి జారకుంటే, ముందుకు పోవాల్సిన దూరం. 58 అంగుళాలు. ఇంజన్ ఎర్రగీత 2550 ఆర్పీఎం. రెండింటినీ గుణిస్తే నిమిషానికి 1,47,900 అంగుళాలు, అంటే గంటకు దాదాపు 122 నాట్లు. సముద్రమట్టం దగ్గర ఆ విమానం పోయే గరిష్ఠ వేగం 110 నాట్లు. మిగిలిన 12 నాట్లు జారుడు కింద పోతయ్.

మామ: మంచిగనే చెప్పినవ్. ఇప్పుడు దాని అన్న, పాత సెస్నా 150 తీసుకో. వ్యాసం అదే 69. పిచ్ 48. ఎర్రగీత 2750. గుణించు.

అల్లుడు: 1,32,000 అంగుళాలు. నూటఎనిమిదిన్నర నాట్లు వస్తది.

మామ: 150ఎం గరిష్ఠ వేగం ఎంతని రాసిన్రు?

అల్లుడు: 109. అరే, జారుడు ఏమైపోయింది?

మామ: ఎక్కడికీ పోలేదు. కాగితం మీద రాసే పిచ్‌ను రెక్క వెనకదిక్కు, అంటే పైలట్‌కు కనపడే చదును మీద కొలుస్తరు. రెక్క ముందరిదిక్కు ఉబ్బెత్తుగ ఉంటది. ఆ ఉబ్బు వల్ల చదును కోణం సున్న ఉన్నా రెక్క కొంత లాగుతనే ఉంటది. కాబట్టి అసలు పిచ్ కాగితం మీదున్నదాని కంటె ఎక్కువ. ఎంత ఎక్కువన్నది రెక్క కోతను బట్టి మారుతది. నీ దోస్తుల్లో ఎవరో ఇంకో కంపెనీ ప్రాప్‌కు ఫలానా డిగ్రీలు పెట్టిండని నువ్వూ అదే పెడితే పప్పుల కాలేసినట్టే. ఒకే నమూనా రెక్కల్ని ఒకదానితో ఇంకోదాన్ని పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తది. వేగం చెప్పడానికి పనికిరాదు.

అల్లుడు: ఒప్పుకుంటున్న. కాని చూడు, 150 కు 48 పెట్టినోళ్లు 152 కు 58 పెట్టిన్రు. సెస్నా వాళ్లే పది అంగుళాలు పెంచిన్రు. నేను చేసేదీ అదే.

మామ: వాళ్లు ఇంజన్ మార్చిన్రు. 150 ల కాంటినెంటల్ ఇంజన్ తన 100 హార్స్‌పవర్‌ను 2750 దగ్గర ఇస్తది. 152 ల లైకమింగ్ 110 హార్స్‌పవర్‌ను 2550 దగ్గరనే ఇస్తది. తిరుగుడు తగ్గింది, బలం పెరిగింది, అందుకే చుట్టుకు దూరం పెంచిన్రు. నువ్వు ఇంజన్ అదే ఉంచి పిచ్ ఒక్కటే పెంచుతనంటున్నవ్. రెండూ ఒకటెట్ల అయితయ్?

అల్లుడు: చెప్పు మరి, పెంచితే ఏమైతది?

మామ: బ్రేకులు పట్టి 152 థ్రాటిల్ పూర్తిగ తోసినప్పుడు బుక్కుల ఎంత రావాలని ఉన్నది?

అల్లుడు: 2280 నుంచి 2380.

మామ: ఎర్రగీత 2550 ఉంటే 2330 దగ్గరనే ఎందుకు ఆగిపోతది?

అల్లుడు: విమానం నిలబడి ఉంది. రెక్క గాలిని పెద్ద కోణంల కొడుతది. ఇంజన్‌కు భారం ఎక్కువ.

మామ: అంటే 110 హార్స్‌పవర్ ఇంజన్, నేల మీద, సుమారు 100 దగ్గరనే పని చేస్తున్నది. ఆ పది అక్కర ఉన్నప్పుడే అందట్లేదు. గాల్లో వేగం పెరిగినంక అందుతది. ఇది సెస్నా వాళ్లు తెలిసి చేసుకున్న రాజీ. ఇట్లాంటి ప్రాప్‌కు పిచ్ ఒక్క అంగుళం మారిస్తే 50 ఆర్పీఎం దాక తేడా వస్తది. నువ్వు రెండు అంగుళాలు కోర్స్ పెడితే ఇంకో వంద పోతది. అంతా మంచి గాలి ఉన్న చోట సంగతి. ఇప్పుడు దాన్ని మే నెలల, మధ్యాహ్నం రెండు గంటలకు, మీ పాలమూరుకు తీసుకపోదాం.

అల్లుడు: డెన్సిటీ ఆల్టిట్యూడ్ గురించి చెప్తవ్. అది నేనూ పాఠం చెప్పిన్నే.

మామ: చెప్పినవ్ గని నీ విమానానికి లెక్క కట్టలేదు. మహబూబ్‌నగర్ 500 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎండ 40 డిగ్రీలే అనుకో, 44 వద్దు. అక్కడి గాలి సముద్రమట్టం దగ్గరి 15 డిగ్రీల గాలి కంటె 13 శాతం పలుచన. ఇంజన్‌కు అది 5000 అడుగుల ఎత్తుల తిరిగినట్టు. గాలి 13 శాతం తగ్గితే ఇంజన్ బలం ఇంకొంచెం ఎక్కువ తగ్గుతది, ఎందుకంటె ఇంజన్ తన లోపలి రాపిడికి కట్టే కప్పం తగ్గదు. సుమారు 15 శాతం పోతది. నేల మీద మిగిలిన ఆ 100 ల నుంచి 15 తీసెయ్. పేరుకు 110, చేతికి 85.

అల్లుడు: మామా, ఇక్కడ నేను ఊకోను. ఎండాకాలం మధ్యాహ్నం పూట 152 స్టాటిక్ చెక్, అదే బ్రేకులు పట్టి పూర్తి థ్రాటిల్ తోసే పరీక్ష, నేను చేసిన. ముల్లు 2300 మీద నిలబడ్డది. బుక్కుల ఉన్నంతనే. నిజంగ 15 శాతం బలం పోతే ముల్లు పడిపోవాలె కద. పడలేదు. అంటే నువ్వు భయపెట్టినంత లేదు.

మామ: బిడ్డా, నన్ను అసలు భయపెట్టేది ఆ ముల్లే. ఇంజన్ బలం ఎందుకు తగ్గింది? గాలి పలుచనైంది కాబట్టి. అదే పలుచని గాలిని ప్రాప్ కూడ కొడుతున్నది, దానికీ భారం తగ్గింది. బలమూ భారమూ జోడుగ తగ్గితే తిరుగుడు మారదు. మన నల్లగొండ రైతును అడుగు, బోరుల నీళ్లు కిందికి పోయినంక మోటర్ చప్పుడు ఏమన్న తగ్గుతదా? తిరుగుడు తిరుగుతనే ఉంటది, పైపుల వచ్చే నీళ్లే సన్నబడతయ్. నీ ప్రాప్ 2300 తిరిగింది నిజం. కాని అది వెనకకు నెట్టిన గాలి 13 శాతం తక్కువ బరువుది. లాగుడు అంత తగ్గింది. ఆర్పీఎం ముల్లు ఆ సంగతి చెప్పదు.

ఇక్కడ నేను కల్పించుకోక తప్పదు. మొత్తం సంవాదంలో పైలట్లు మనసుకు పట్టించుకోవలసిన మాట నా దృష్టిలో ఇదే. స్థిరమైన పిచ్ ఉన్న చిన్న విమానంలో స్టాటిక్ ఆర్పీఎం చెక్ ఇంజన్ ఆరోగ్యం చెబుతుంది. ఒక సిలిండర్ సరిగా కొట్టకపోతే, కార్బ్యురేటర్‌లో లోపం ఉంటే ముల్లు దిగుతుంది. గాలి పలుచనైతే మాత్రం ముల్లు దాదాపు కదలదు. ముల్లు చూసి ధైర్యపడే అలవాటు కోస్తాలో చల్లని పొద్దున పూట నష్టం చేయదు. పాలమూరు మధ్యాహ్నం చేస్తుంది.

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాదన ఇంకో దిక్కు తిప్పాడు.

అల్లుడు: ముల్లు చెప్పకపోతే పైలట్‌కు ఎవరు చెప్తరు?

మామ: బుక్కు చెప్తది, రన్‌వే చెప్తది. 152 బుక్కుల పట్టిక తీయి. 757 కిలోల పూర్తి బరువుతోని, సముద్రమట్టంల 20 డిగ్రీలకు, 50 అడుగుల ఎత్తు దాటడానికి 1390 అడుగుల దూరం. అదే 2000 అడుగుల ఎత్తుల 40 డిగ్రీలకు 1960. నూటికి నలభై ఎక్కువ. అదీ కొత్త ఇంజన్, కొత్త ప్రాప్, చేయితిరిగిన పైలట్, గట్టి రన్‌వే ఉంటే. ఇగ రన్‌వే చెప్పేది: సగం దూరం పోయేసరికి లేచే వేగంల 70 శాతం రాకపోతే థ్రాటిల్ మూసెయ్యాలె, మారుమాట లేదు.

అల్లుడు: సరే. ఇప్పుడు నేను అడుగుత, నువ్వు జవాబు చెప్పు. పలుచని గాలిల విమానం అసలు వేగం ఎక్కువ ఉంటది. 152 ఎక్కుడు వేగం మీటర్ మీద 67 నాట్లు. నువ్వు చెప్పిన ఆ 5000 అడుగుల గాలిల అది నిజానికి 72. ప్రాప్‌కు తగిలేది అసలు వేగమే, మీటర్ మీది అంకె కాదు. అసలు వేగం పెరిగితే రెక్కకు గాలి తగిలే కోణం తగ్గుతది, భారం తగ్గుతది. అంటే వేడి గాలిల అదే పిచ్ కొంచెం ఫైన్, అదే కొంచెం తక్కువ, అయినట్టే పని చేస్తది. నువ్వు ఇంకా ఫైన్ చెయ్యమంటున్నవ్!

మామ: (నవ్వి) ఇది నిఖార్సైన మాట. కాదనను. అందుకే నేను పిచ్ మొత్తం తగ్గించి గుండు చెయ్యమనట్లేదు. కొంచెమే తగ్గించుమంటున్న. కాని నువ్వు చెప్పింది గాల్లో ఎక్కుతున్నప్పటి సంగతి. రన్‌వే మీద నిలబడి ఉన్నప్పుడు అసలు వేగమూ సున్ననే, మీటర్ వేగమూ సున్ననే. పరుగు మొదటి సగంల నీ లెక్క అక్కరకు రాదు. పైగ ఆ అసలు వేగం ఎక్కువ కావాలంటే పరుగు కూడ అంత ఎక్కువ తియ్యాలె.

అల్లుడు: రెండోది. ఫైన్ పిచ్ పెట్టిన విమానాన్ని కొత్త పిల్లగానికి ఇస్తే ఏం చేస్తడో నేను కళ్లార చూసిన. కిందికి దిగేటప్పుడు థ్రాటిల్ తియ్యడం మరిచిపోతడు. ముక్కు కిందికి, వేగం పైకి, ఆర్పీఎం ఎర్రగీత దాటిపోతది. కోర్స్ ప్రాప్ ఉంటే అంత తొందరగ దాటదు. ఇంజన్ పాడైతే కట్టేది నువ్వా నేనా?

మామ: మరి ఇది మొదలే చెప్పవైతివి. నువ్వు చెప్పిన పెట్రోలు, చెవుల సుఖం కంటె ఇది పెద్ద మాట.

అల్లుడు: మూడోది. ఇంజన్ ఆగిపోతే గాలికి తిరిగే ప్రాప్ బ్రేకు అయితది. ఫైన్ పిచ్ అయితే ఆ బ్రేకు ఇంకా ఎక్కువ. నల్లగొండ గుట్టల మీద గ్లైడ్‌ల వంద మీటర్లు తగ్గినా తగ్గినట్టే.

మామ: అదీ నిజమే. కాని రెండు అంగుళాల తేడాకు గ్లైడ్‌ల పోయేది చిన్నది. టేకాఫ్ అయినంక ఇంజన్ ఆగేదాక నువ్వు ఎంత ఎత్తు సంపాదించినవన్నది పెద్దది. 300 అడుగుల మీద ఆగితే నీకు ముందరున్న చెలక తప్ప దిక్కు లేదు. 600 మీద ఆగితే చెలకను ఎంచుకునే వీలు దొరుకుతది. ఎత్తు ఇచ్చేది ఫైన్ పిచ్చే.

అల్లుడు: ఆ ఎత్తు కోసం జీవితాంతం నెమ్మదిగ పోవాల్నా?

మామ: ఎంత నెమ్మదిగ? లెక్క కడదాం. నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు గాల్లో తిన్నగ 140 కిలోమీటర్లు, 76 నాటికల్ మైళ్లు అనుకో. 107 నాట్లతోని పోతే 43 నిమిషాలు. ఫైన్ పిచ్ వల్ల ఏడు నాట్లు పోయినయనుకో, వంద నాట్లతోని 46 నిమిషాలు. మూడు నిమిషాలు బిడ్డా. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి రోజూ పోయేటోడు కోర్స్ పిచ్ అడిగితే నేను పెట్టి ఇస్త. మన రెండు జిల్లాల మధ్య తిరిగేటోనికి మూడు నిమిషాల కోసం టేకాఫ్‌ను తాకట్టు పెట్టుమని నేను చెప్పను.

ఆ మూడు నిమిషాల లెక్క విన్నాక అల్లుడు వేగం గురించి మళ్లీ ఎత్తలేదు. కాని ఓవర్‌స్పీడ్ సంగతి వదల్లేదు, వదలకపోవడమే న్యాయం. ఇంజన్ తన హద్దు దాటి తిరిగితే ఆ ఖర్చు డబ్బుతో పోదు. లోపల ఏ భాగం ఎంత దెబ్బ తిన్నదో విప్పి చూస్తే తప్ప తెలియదు.

పెద్దవూర మాట కూడా ఇక్కడే వచ్చింది. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఒంటరిగా శిక్షణకు లేచిన ఒక సెస్నా 152 నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలింది. నడుపుతున్న యువతి చనిపోయింది. ఆ ఊరి పేరు వింటే ఇద్దరూ గొంతు తగ్గించారు. మామ ఒక్కమాట అన్నాడు: "ఆ ప్రమాదాన్ని మన పిచ్ లెక్కలకు ముడిపెట్టొద్దు. పోయిన పిల్ల పేరు చెప్పి వాదన గెలుచుడు తప్పు." అది ఫిబ్రవరి నెల. పిచ్‌కూ దానికీ సంబంధం ఉందనడానికి ఏ ఆధారమూ లేదు. ఆయన మాటను గౌరవించి నేనూ దాన్ని అక్కడే వదిలేస్తున్నాను.

అల్లుడు: ఇంత రాజీ ఎందుకు మామా? గాల్లోనే కోణం మారే ప్రాప్ పెట్టుకుంటే పాయె. దుండిగల్‌ల ఎయిర్‌ఫోర్స్ పిల్లలు నేర్చుకునే పిలాటస్ పీసీ-7 కు నాలుగు రెక్కలు, వాటంతట అవే కోణం మార్చుకుంటయ్. బెంగళూరు ఎన్ఏఎల్ వాళ్ల హంస-3 కూడ రెండు సీట్లదే, దానికీ కోణం మారే ప్రాపే ఉన్నది.

మామ: పైసలుంటే పెట్టుకో. బరువు పెరుగుతది, కోణం మార్చే గవర్నర్ ఒకటి పెరుగుతది, చూసుకునే మెకానిక్ దగ్గర్ల ఉండాలె. పాలమూరుల గవర్నర్ మొరాయిస్తే హైదరాబాద్ దాక మోసుకపోవాలె. ఇంకో సంగతి, కోణం మారినా గాలి చిక్కబడదు. ఇంజన్‌ను పూర్తిగ తిప్పనిస్తది, అంతే. పోయిన 15 శాతం పోయినట్టే.

అల్లుడు: వ్యాసం పెంచితే?

మామ: పెంచగలిగితే అన్నిటికంటె అదే మంచిది. పెద్ద ప్రాప్ ఎక్కువ గాలిని నెమ్మదిగ నెడుతది, తక్కువ వేగంల లాగుడు ఎక్కువ. కాని చక్రాల ఎత్తు ఒప్పుకోవాలె, రెక్కల కొసలు మట్టి రన్‌వే మీద కంకర ఏరొద్దు. నీ విమానానికి కంపెనీ ఒప్పుకున్న వ్యాసం దాటొద్దు.

అల్లుడు: అయితే నీ తీర్పేంది? అంకె చెప్పు.

మామ: డిగ్రీ అంకె చెప్పను, ఎందుకో ముందే చెప్పిన. ఇంజన్ అంకె చెప్త. నీ 912 యూఎల్ఎస్‌కు 5800 దాక ఐదు నిమిషాలు, ఎప్పటికీ తిప్పదగ్గది 5500. గేర్‌బాక్స్ 2.43. ఇంజన్ 5500 తిరిగితే ప్రాప్ 2263 తిరుగుతది. పూర్తి థ్రాటిల్ మీద 5200 కంటె తక్కువ తిప్పుతూ నడపొద్దని రోటాక్స్ వాళ్లే చెప్తరు. భారానికి ఇంజన్ కుంగుతది. నువ్వు చెప్పిన కోర్స్ పిచ్ పెడితే టేకాఫ్ పరుగంత ఆ 5200 కిందనే నడుస్తది. అది ఒక హద్దు. రెండో హద్దు నువ్వు చెప్పిందే, ఓవర్‌స్పీడ్. ఎత్తు మారకుంట తిన్నగ పోతున్నప్పుడు పూర్తి థ్రాటిల్ వేస్తే 5800 దాటొద్దు.

అల్లుడు: ఆ రెండింటి మధ్య ఎక్కడ? నేను 5500 అంట.

మామ: నేను 5700 అంట.

అల్లుడు: 5800 కు వంద మిగులుతది, అంతే. నా దోస్తు థ్రాటిల్ మరిచిపోతే?

మామ: నీ దోస్తుకు నేర్పు. 5500 పెట్టినా ముక్కు కిందికి వేసి పూర్తి థ్రాటిల్ మరిచిపోయినోడు ఎట్లనైనా దాటిస్తడు. కాని మే నెలల రన్‌వే మీద తక్కువైన లాగుడును ఎంత నేర్చిన పైలట్ కూడ పుట్టించలేడు. 5700 ఎప్పుడు కొలవాలె అంటే, చలికాలం పొద్దున, గాలి చిక్కగ ఉండి ఇంజన్ బలంగ ఉన్నప్పుడు కొలువు. అప్పుడు 5800 దాటకపోతే ఎండాకాలం దాటదు.

అల్లుడు: 5650.

మామ: చలికాలం కొలిచి చెప్పు, చూద్దాం. నేల మీద బ్రేకులు పట్టి 5200 వస్తే నాకు చాలు.

ఆ యాభై ఆర్పీఎం దగ్గర ఇద్దరూ ఇప్పటికీ కలవలేదు. నన్నడిగితే మామ దిక్కే మొగ్గుతాను. అల్లుడి భయం నిజమైనదే అయినా, దానికి పైలట్ చేతిలో మందు ఉంది: థ్రాటిల్ వెనక్కి లాగడం. రన్‌వే చివర లాగుడు చాలకపోతే చేతిలో ఇంకేమీ ఉండదు.

కోణం ఎట్లా మార్చాలన్న దగ్గర మాత్రం అల్లుడు శ్రద్ధగా రాసుకున్నాడు. ఇలాంటి విమానాలు కొనేవాళ్లు చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 152 ప్రాప్ 58 అంగుళాల పిచ్‌ను రెక్క పొడవులో ముప్పావు దూరం దగ్గర కోణంగా మారిస్తే 19.6 డిగ్రీలు. అక్కడ ఒక్క అంగుళం పిచ్ అంటే డిగ్రీలో మూడో వంతు మాత్రమే. డిగ్రీ అంటే చిన్నదే కదా అనిపిస్తుంది, కాని ఒక్క డిగ్రీ తప్పితే మూడు అంగుళాలు తప్పినట్టు. రోటాక్స్ లాంటి గేరున్న ఇంజన్లకు అదే డిగ్రీ కొన్ని వందల ఆర్పీఎం తేడా తేగలదు. అందుకని మార్చినప్పుడల్లా అర డిగ్రీ కంటే మించి మార్చకూడదు. కోణాన్ని మూడు రెక్కల మీదా హబ్ నుంచి ఒకే దూరంలో, డిజిటల్ కోణమానితో, విమానాన్ని కదపకుండా, ప్రతి రెక్కనూ ఒకే స్థానానికి తిప్పుకుని కొలవాలి. మూడింటిలో ఒకటి తేడాగా ఉంటే ఆర్పీఎం బాగానే కనిపిస్తుంది, కాని వణుకు మొదలై గేర్‌బాక్స్‌ను తింటుంది. బోల్టులను కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించి, మొదటిసారి ఎగిరి దిగాక మళ్లీ చూడాలి. ఇదంతా లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజనీరు చేసి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాల్సిన పని.

సెస్నా లాంటి సర్టిఫికెట్ ఉన్న విమానాల సంగతి వేరు. వాటికి ఏ ప్రాప్, ఎంత వ్యాసం, స్టాటిక్ ఆర్పీఎం ఎంత నుంచి ఎంత వరకు అన్నది టైప్ సర్టిఫికెట్‌లోనే రాసి ఉంటుంది. అల్యూమినియం రెక్కను వంచి పిచ్ మార్చడం ఆమోదం ఉన్న వర్క్‌షాపులో తప్ప చేయకూడదు. ఎండ ఎక్కువని సొంతంగా రెండు అంగుళాలు తగ్గించుకునే హక్కు ఏ క్లబ్బుకూ లేదు.

చివరికి అల్లుడు ఒక ప్రశ్న వేశాడు: దేవరకద్ర దిక్కు గుడిబండ దగ్గర ఎయిర్‌పోర్టుకు స్థలం చూశారు కదా, అది వచ్చి పెద్ద రన్‌వే దొరికితే అప్పుడైనా కోర్స్ పిచ్ పెట్టుకోవచ్చా అని. మామ జవాబు: "రన్‌వే పొడుగైతే పరుగుకు జాగ దొరుకుతది. దాని అవతలి గుట్ట, దాని మీది తీగ ఎక్కడికీ పోవు. ఎక్కుడు బలం కావాల్సింది వాటికోసం. పెద్ద రన్‌వే వచ్చినా మే నెల మధ్యాహ్నం ఇద్దరు ఎక్కొద్దు, ట్యాంకు నింపొద్దు. బరువు పది శాతం తగ్గిస్తే టేకాఫ్ దూరం ఇరవై శాతం తగ్గుతది. ఏ పిచ్ ఇయ్యలేనిది అది ఇస్తది."

పిచ్ గురించి ఇంత వాదించిన మనిషి చివరికి బరువు దగ్గరికి రావడంలో పరస్పర వైరుధ్యం ఏమీ లేదు. స్థిరమైన పిచ్‌తో ఇంజన్‌ను దాని పూర్తి బలానికి దగ్గరగా తీసుకుపోవచ్చు. గాలి తీసుకున్న 15 శాతాన్ని తిరిగి ఇప్పించుకోవడానికి ఉన్న దారులు రెండే: బరువు దించడం, పొద్దు మార్చడం. పొద్దున ఆరు గంటలకు 26, 27 డిగ్రీలున్న గాలి మధ్యాహ్నం గాలి కంటే చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనానికి పైసా ఖర్చు లేదు.

నల్లగొండ, పాలమూరు, వాటి చుట్టుపక్కల ఇలాంటి చిన్న విమానం కొనాలనుకునే యువకులకు, యువతులకు నా మనవి ఒకటే. పిచ్ బిగించాక మీ విమానానికి మీరే ఒక పట్టిక తయారు చేయండి: ఏ బరువుకు, ఏ ఉష్ణోగ్రతకు, ఎంత పరుగు. జనవరి, మార్చి, మే నెలల్లో నిజంగా కొలిచి రాసి, కాక్‌పిట్‌లో కంటికి ఎదురుగా అంటించండి. మే నెల గడి ఖాళీగా ఉన్నంతకాలం, ఆ నెల మధ్యాహ్నం ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని టేకాఫ్ చేయకండి.